దారాలు తెగిన నగరం

ఒక సాలెపురుగు గూడు అల్లుకొంటూ ఉంటుంది. కెమెరా దాని కాళ్లనూ, అది వదులుతున్న సన్నని దారాన్నీ దగ్గరగా చూపిస్తుంది. వెనుకనుంచి ఒక వ్యాఖ్యాత పాఠం చెపుతున్నట్లు నెమ్మదిగా మాట్లాడుతాడు. నగర జీవనంలో ప్రతివాని అవసరాలూ ఇతరుల నైపుణ్యంతో ముడిపడి ఉన్నాయనీ, ఈ ముడులే సమాజానికి బలమనీ, దాని బలహీనత కూడా ఇవేననీ అతడు చెప్పిన తరువాత తెరమీద ఒక నగరం కనిపిస్తుంది. 1984 సెప్టెంబరు 23 రాత్రి బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ వారి రెండవ ఛానెల్‌లో ప్రసారమైన ‘థ్రెడ్స్’ అనే టెలివిజన్ నాటకచిత్రం ఈ విధంగా ఆరంభమవుతుంది. థ్రెడ్స్ అనగా దారాలు. నేతగాని పేరునే ఆ పురుగుకు పెట్టుకొన్న తెలుగువారికి ఈ పోలికను విడమరచి చెప్పవలసిన పని లేదు.

112 నిమిషాల ఈ చిత్రంలో ఇంగ్లండు ఉత్తర భాగంలోని షెఫీల్డ్ నగరంమీద ఒక మెగాటన్ బాంబు పేలుతుంది. అది కథలో సగం మాత్రమే. పేలుడు తరువాత గంటలు, రోజులు, వారాలు, చివరకు పదమూడు సంవత్సరాలు గడిచేవరకు చిత్రం సాగుతూనే ఉంటుంది. కథ కల్పితం. అయితే తెరమీద కనిపించే ప్రతి ముఖ్య విషయానికీ ఒక పరిశోధన పత్రమో, ప్రభుత్వ పత్రమో, నిపుణుని అంచనాయో ఆధారంగా ఉండవలెనని దర్శకుడు పట్టుబట్టాడు. కథ, శాస్త్రం ఒకే బండికి కట్టిన ఎడ్లు అయినప్పుడు ఏది ఎటు లాగుతుంది? తరగతిలో ఒక సూత్రాన్ని కథగా మార్చి చెప్పే ఉపాధ్యాయునికి ఈ చిక్కు కొత్తది కాదు. నలభై ఏండ్లు గడిచిన తరువాత ఈ చిత్రంలోని శాస్త్రం ఎంతవరకు నిలిచిందో చూడడానికి ఇప్పుడు మనకు వీలున్నది.

అంతకు ముందు ఆగిపోయిన చిత్రం

1965లో పీటర్ వాట్కిన్స్ అనే యువ దర్శకుడు అదే సంస్థ కోసం ‘ది వార్ గేమ్’ అనే చిత్రం తీశాడు. నిడివి గంటకు తక్కువ. కెంట్ ప్రాంతంమీద అణుదాడి జరిగితే ఏమవుతుందో వార్తాచిత్రం పద్ధతిలో చూపించాడు. ప్రసార మాధ్యమానికి తగనంత భయంకరంగా ఉన్నదని సంస్థ దానిని టెలివిజన్‌లో చూపించకుండా ఆపివేసింది. సినిమాహాళ్లలో కొద్దిగా ప్రదర్శించడానికి మాత్రం అనుమతి దొరికింది. 1967లో అమెరికాలో డాక్యుమెంటరీ విభాగంలో ఆస్కార్ బహుమతి కూడా దానికి వచ్చింది. బహుమతి పొందిన చిత్రాన్ని తీయించిన సంస్థే ఇరవై ఏండ్లపాటు ప్రసారం చేయకపోవడం చరిత్రలో ఒక విచిత్రం.

1980వ దశకం వచ్చేసరికి వాతావరణం మరల వేడెక్కింది. పశ్చిమ ఐరోపాలో కొత్త అమెరికన్ క్షిపణులను నిలపాలని 1979 డిసెంబరులో నాటో కూటమి నిర్ణయించింది. 1980లో బ్రిటిష్ ప్రభుత్వం ‘ప్రొటెక్ట్ అండ్ సర్వైవ్’ అనే చిన్న పుస్తకాన్ని అమ్మకానికి పెట్టింది. దాడి జరిగేటట్లు ఉంటే ఇంటివారు ఏమి చేయవలెనో అందులో బొమ్మలతో చెప్పారు. తలుపులు ఊడదీసి లోపలి గోడకు ఏటవాలుగా ఆనించి, వాటిమీద మట్టి సంచులు, పుస్తకాలు పేర్చి, ఆ నీడలో పడుకోవలెను. వేడి లోపలికి రాకుండా కిటికీ అద్దాలకు తెల్లరంగు పూయవలెను. పద్నాలుగు రోజులకు సరిపడా తిండి, నీరు నిలవ చేసుకోవలెను. ఆ పుస్తకాన్ని చదివి నవ్వినవారు ఉన్నారు, భయపడినవారు ఉన్నారు. ఆ తలుపు కింద నిజంగా ప్రాణం నిలుస్తుందా అన్న ప్రశ్న మాత్రం అందరిదీ.

ఈ ప్రశ్నను మొదట పట్టుకొన్నవాడు మిక్ జాక్సన్. ఆయన అదే సంస్థలో విజ్ఞాన కార్యక్రమాలు తీసిన వ్యక్తి. 1982లో ‘ఎ గైడ్ టు ఆర్మగెడాన్’ అనే చిన్న కార్యక్రమంలో లండన్‌లోని సెయింట్ పాల్స్ చర్చిపైన ఒక మెగాటన్ బాంబు పేలితే ఎంత దూరానికి ఏమవుతుందో లెక్కకట్టి చూపించాడు. అంకెలన్నీ సరిగానే ఉన్నాయి. కాని అంకె మనిషిని తాకదు. పది లక్షలమంది చనిపోతారని విన్నవాడు తల ఊపి భోజనానికి లేస్తాడు. పేరు తెలిసిన ఒక్క మనిషికి ఏమి జరిగిందో చూసినవాడు లేవలేడు. అందుకనే తరువాతి ప్రయత్నం నాటకరూపంలో ఉండవలెనని జాక్సన్ తలచాడు. సంస్థ డైరెక్టర్ జనరల్ అలస్డేర్ మిల్న్ ఆపివేసిన పాత ‘వార్ గేమ్’ను చూసి, ఈ కొత్త చిత్రానికి అనుమతి ఇచ్చాడు.

రచయితగా బారీ హైన్స్‌ను ఎన్నుకొన్నారు. ఆయనది షెఫీల్డ్‌కు దగ్గరలోని బొగ్గుగనుల ప్రాంతం. అక్కడి శ్రామికుల మాటతీరు, ఇంటి వాసన ఆయనకు తెలుసు. 1969లో కెన్ లోచ్ తీసిన ‘కెస్’ చిత్రానికి మూలమైన నవల ఆయనదే. విజ్ఞాన కార్యక్రమాల దర్శకుడు ఒకవైపు, గనికార్మికుల నవలాకారుడు మరొకవైపు. జాక్సన్ దాదాపు ఒక సంవత్సరం బ్రిటన్‌లోను అమెరికాలోను తిరిగి భౌతిక శాస్త్రజ్ఞులను, వైద్యులను, మనస్తత్వ నిపుణులను, రక్షణశాఖ వ్యవహారాలు తెలిసినవారిని కలుసుకొన్నాడు. అత్యవసర పరిస్థితిలో పాలన నడపవలసిన అధికారులకు ఈసింగ్‌వోల్డ్ అనే ఊరిలో ప్రభుత్వ శిక్షణ కేంద్రం ఉండేది. రచయితా దర్శకుడూ అక్కడికి వెళ్లి పాఠాలు విన్నారు. దాడి తరువాత పాలన ఎంత అస్తవ్యస్తంగా ఉండబోతున్నదో ఆ శిక్షణ చూసిన తరువాతనే తనకు బోధపడిందని హైన్స్ తరువాత చెప్పాడు. చిత్రంలో నగర కార్యాలయం నేలమాళిగలో చిక్కుకొని, పైన ఏమి జరుగుతున్నదో తెలియక, టెలిఫోనులు పలకక ఒకరిమీద ఒకరు అరుచుకొనే ఉద్యోగులు అక్కడినుంచి వచ్చినవారే.

షెఫీల్డ్‌ను ఎన్నుకోవడానికి కారణాలు ఉన్నాయి. అది ఉక్కు నగరం. దగ్గరలో ఫిన్నింగ్లీ వైమానిక స్థావరం ఉండేది. కనుక శత్రువు లక్ష్యాల పట్టికలో ఆ ఊరు ఉండడం సహజం. నగర పాలక సంఘం తమ ఊరిని అణ్వాయుధ రహిత ప్రాంతంగా ప్రకటించి ఉండడంతో చిత్రీకరణకు సహకారం కూడా సులభంగా దొరికింది.

మెరుపు, ఉరుము, బూడిద

కథ క్లుప్తంగా ఇది. రూత్, జిమ్మీ పెండ్లి చేసుకోబోతున్న యువ జంట. గది గోడలకు కాగితాలు అంటించుకొంటూ ఉండగా రేడియోలో ఇరాన్ సంక్షోభం వార్తలు వస్తూ ఉంటాయి. ఎవరూ వాటిని శ్రద్ధగా వినరు. మే 26వ తేదీ ఉదయం ఎనిమిదిన్నర దాటిన తరువాత దాడి జరుగుతుంది. రూత్ పాత్రను కారెన్ మీగర్, జిమ్మీ పాత్రను రీస్ డిన్స్‌డేల్ ధరించారు. ప్రేక్షకులు నటులను గుర్తుపట్టి ఇది నాటకమే గదా అని తేలికపడకుండా ఉండడానికి అంతగా పేరులేనివారినే తీసుకొన్నారు.

ఒక మెగాటన్ బాంబు అంటే పది లక్షల టన్నుల టి.ఎన్.టి. మందుగుండుకు సమానమైన శక్తి. 1945 ఆగస్టు 6న హిరోషిమామీద పడిన బాంబు సుమారు 15 కిలోటన్‌లది. అనగా ఇది దానికి 67 రెట్లు. అయితే నాశనమయ్యే దూరం కూడా 67 రెట్లు పెరుగుతుందనుకోవడం పొరపాటు. పేలుడు ఒత్తిడి అన్ని దిక్కులకూ గోళంగా వ్యాపిస్తుంది కాబట్టి దూరం శక్తి యొక్క ఘనమూలాన్ని అనుసరించి పెరుగుతుంది. 67కు ఘనమూలం సుమారు 4. కావున ఇండ్లు కూలే వ్యాసార్ధం నాలుగు రెట్లు, కూలే వైశాల్యం పదహారు రెట్లు అవుతుంది. పెద్ద బాంబు ఒకటికన్న చిన్న బాంబులు అనేకం ఎక్కువ వైశాల్యాన్ని పాడుచేయడానికి కారణం ఇదే. చిత్రంలో బ్రిటన్‌మీద మొత్తం పడేవి 210 మెగాటన్‌లు.

గాలిలో పేలిన బాంబు శక్తిలో ఇంచుమించు సగం ఒత్తిడి తరంగంగాను, మూడవ వంతు వేడి వెలుగుగాను, మిగిలినది రేడియో ధార్మిక కిరణాలుగాను పోతుంది. వెలుగు ముందు వస్తుంది. పది కిలోమీటర్ల దూరాన ఉన్నవానికి ఒత్తిడి తరంగం దాదాపు అర నిమిషం ఆలస్యంగా అందుతుంది. మెరుపును చూసి ఉరుము కోసం అంకెలు లెక్కపెట్టే పిల్లలకు ఈ సంగతి తెలిసినదే. చిత్రంలో ఆ అర నిమిషాన్ని జాక్సన్ చక్కగా వాడుకొన్నాడు. వెలుగు తెరను తెల్లగా నింపుతుంది, మనుషులు ఉన్నచోట నిలబడిపోతారు, తరువాతనే అద్దాలు పగులుతాయి. సాధారణ యుద్ధ చిత్రాలలో మెరుపూ శబ్దమూ ఒకేసారి వస్తాయి. ఇక్కడ రాలేదు.

నగరంమీద బాంబు పడకముందే ఉత్తర సముద్రంపైన చాలా ఎత్తులో ఒక పేలుడు జరిగి టెలిఫోనులు, విద్యుత్తు స్తంభిస్తాయి. ఇది రచయిత ఊహ కాదు. 1962 జూలై 9న అమెరికా పసిఫిక్ సముద్రంపైన 400 కిలోమీటర్ల ఎత్తున 1.4 మెగాటన్ బాంబును పరీక్షించినప్పుడు, సుమారు 1,400 కిలోమీటర్ల దూరాన ఉన్న హవాయి దీవులలో కొన్ని వీధిదీపాలు ఆరిపోయాయి. పేలుడులోని గామా కిరణాలు గాలి అణువులనుంచి ఎలక్ట్రాన్‌లను వెడలగొట్టగా, భూమి అయస్కాంత క్షేత్రంలో వాటి గమనం వంగి, ఒక్క క్షణంలో బలమైన విద్యుదయస్కాంత స్పందనం పుడుతుంది. పొడవైన తీగలు ఏరియల్స్ వలె దానిని పట్టుకొని కాలిపోతాయి.

ఇక బూడిద సంగతి. బాంబు నేలకు తగులుతూ పేలితే మట్టి, రాళ్లు ఆవిరై, విచ్ఛిత్తి పదార్థాలతో కలిసి పైకి లేచి, గాలివాలున దుమ్ముగా రాలుతుంది. దీని తీవ్రత తగ్గే తీరుకు ఒక తేలికైన లెక్క ఉన్నది. కాలం ఏడు రెట్లు అయినప్పుడల్లా తీవ్రత పదోవంతుకు దిగుతుంది. పేలుడు జరిగిన గంటకు ఒకచోట గంటకు 1,000 రాంట్‌జెన్‌ల తీవ్రత ఉన్నదనుకొందాము. ఏడు గంటలకు అది 100 అవుతుంది. ఏడేడులు నలభైతొమ్మిది గంటలకు, అనగా రెండు రోజులకు, 10 అవుతుంది. దానికి మరల ఏడు రెట్లు, 343 గంటలకు, 1 మాత్రమే. 343 గంటలంటే పద్నాలుగు రోజులు. ఎక్కువ మోతాదు తగిలిన శరీరం కోలుకోలేదు. కొద్ది కాలంలో 400 రాంట్‌జెన్‌ల దరిదాపులో పడితే, చికిత్స లేనప్పుడు, సగంమంది బ్రతకరు. కనుక మొదటి రెండు రోజులు తలుపు కింద దాగి ఉండడం అర్థంలేని పని కాదు.

ప్రభుత్వ పుస్తకంలోని పద్నాలుగు రోజుల లెక్క ఇక్కడిదే. దానిని ఎగతాళి చేసినవారు ఈ సంగతి గమనించలేదు. పుస్తకం వ్రాసినవారికి భౌతిక శాస్త్రం తెలుసు. లెక్కలో తప్పు లేదు. చిత్రం వేసిన ప్రశ్న వేరు: పదిహేనవ రోజున బయటికి వచ్చిన మనిషి ఏమి తింటాడు?

పదిహేనవ రోజు

చిత్రం నిజంగా ఆరంభమయ్యేది ఇక్కడనే. తెరమీద టైపు అక్షరాలు పడుతూ ఉంటాయి. ఎన్ని రోజులు గడిచాయో, ఎంత ఇంధనం మిగిలిందో, ఏ రోగాలు వ్యాపిస్తున్నాయో చెపుతాయి. వ్యాఖ్యాత గొంతులో జాలి లేదు. నేపథ్య సంగీతం లేదనే చెప్పవచ్చు. ఆసుపత్రిలో మత్తుమందు లేదు, నీరు లేదు, వైద్యుడు రంపం పట్టుకొని నిలబడి ఉంటాడు. ధాన్యపు గిడ్డంగులు సైనికుల కాపలాలో ఉంటాయి. పని చేసినవానికే తిండి. ఎందుకంటే చేతిలో ఉన్న అధికారులకు ఇక ఇవ్వడానికి గాని, లాక్కోవడానికి గాని తిండి తప్ప మరొకటి లేదు.

ఈ భాగంలో దారం అన్న మాట సార్థకమయింది. ఆధునిక వ్యవసాయాన్ని చూడండి. పొలంలో ట్రాక్టరు నడవాలంటే డీజిలు కావాలి. డీజిలు రావాలంటే శుద్ధి కర్మాగారం నడవాలి. దానికి విద్యుత్తు, విద్యుత్తుకు బొగ్గు, బొగ్గు మోయడానికి రైలు, రైలు నడిపేవానికి రొట్టె కావాలి. రొట్టెకు మరల గోధుమ. నత్రజని ఎరువు హేబర్ పద్ధతిలో అధిక పీడనాలవద్ద తయారవుతుంది. అది పొలంలో కాదు, కర్మాగారంలో పుడుతుంది. ఈ వలయంలో ఎక్కడ తెగినా తక్కినది ఊడి వస్తుంది. చిత్రంలో మొదటి పంట కొంత చేతికి వస్తుంది. తరువాతి సంవత్సరాలలో ఎరువు లేదు, పురుగుమందు లేదు, మంచి విత్తనం లేదు. ఆడవాళ్లు, పిల్లలు పొలంలో చేతులతో మట్టి పెళ్లగిస్తూ ఉంటారు. బ్రిటన్ జనాభా అప్పట్లో సుమారు 5 కోట్ల 60 లక్షలు. దాడి జరిగిన మూడు నుంచి ఎనిమిది సంవత్సరాలలో అది 40 లక్షలకు, 1 కోటి 10 లక్షలకు మధ్య ఎక్కడో ఆగుతుందని చిత్రం అంచనా. అనగా మధ్యయుగాల నాటి స్థాయి. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరాన్ని గమనించవలెను. తెలియనిదానిని తెలియదని చెప్పే ఈ పద్ధతి నాటకాలలో అరుదు.

దీనికి తోడు చలి. 1982లో పాల్ క్రట్జన్, జాన్ బిర్క్స్ అనే శాస్త్రజ్ఞులు అణుయుద్ధంలో తగులబడే అడవుల, నగరాల పొగ సూర్యకాంతిని అడ్డుకొంటుందని సూచించారు. 1983 డిసెంబరు 23న ‘సైన్స్’ పత్రికలో టుర్కో, టూన్, అకర్‌మన్, పొలాక్, సేగన్ అనే ఐదుగురి వ్యాసం వెలువడింది. 5,000 మెగాటన్‌ల యుద్ధం జరిగితే ఖండాల లోపలి భాగాలలో ఉష్ణోగ్రత సున్నకు దిగువన 15 నుంచి 25 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పడిపోవచ్చునని వారు లెక్కకట్టారు. దీనికే అణుశీతకాలమని పేరు వచ్చింది. ‘థ్రెడ్స్’ ప్రసారం నాటికి ఆ వ్యాసం వయస్సు తొమ్మిది నెలలు. అంత కొత్త ఫలితాన్ని, ఇతరులు ఇంకా తూచి చూడకముందే, జాక్సన్ చిత్రంలోకి తీసుకొన్నాడు. సేగన్ ఆయన సంప్రదించిన శాస్త్రజ్ఞులలో ఒకడు కూడా.

అది తొందరపాటేనా? తరువాతి చరిత్ర రెండు వైపులా సాక్ష్యం చెపుతున్నది. మొదటి లెక్కలలో భూమిని సముద్రాలు, ఋతువులు లేని గోళంగా భావించారు. 1986లో థాంప్సన్, ష్నైడర్ మరింత వివరమైన నమూనాతో లెక్కించి చలి అంత తీవ్రంగా ఉండదన్నారు. శీతకాలం కాదు, శరత్కాలం అన్న హాస్యం కూడా అప్పుడు పుట్టింది. 1991లో కువైట్‌లో వందల చమురు బావులు తగులబడినప్పుడు ఆ పొగ దక్షిణాసియా వ్యవసాయాన్ని దెబ్బతీయవచ్చునని సేగన్ హెచ్చరించాడు. పొగ పై పొరలకు చేరలేదు, హెచ్చరిక నిజం కాలేదు. ఆ కాలంలో చాలామంది ఈ సిద్ధాంతం ముగిసిందనే అనుకొన్నారు.

ముగియలేదు. 2007లో అలన్ రోబాక్ బృందం సముద్రాలను కూడా కలుపుకొన్న నమూనాతో మరల లెక్కించగా, పెద్ద యుద్ధంలో పుట్టే పొగ స్ట్రాటో ఆవరణానికి చేరితే చల్లదనం వారాలు కాదు, పది సంవత్సరాలకు పైగా ఉంటుందని తేలింది. వానలు కురిసే పొరకు పైన ఉన్న మసిని కడిగివేయడానికి వాన లేదు గదా. భారత, పాకిస్తాన్‌ల మధ్య హిరోషిమా పరిమాణపు బాంబులు నూరు పేలినా ప్రపంచ సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి పైగా తగ్గవచ్చునని అదే సంవత్సరం మరొక లెక్క వచ్చింది. 2017లో కెనడా అడవుల మంటలనుంచి లేచిన పొగ సూర్యరశ్మికి వేడెక్కి తనంతట తానే స్ట్రాటో ఆవరణంలోకి ఎక్కడం కృత్రిమ ఉపగ్రహాలు చూశాయి. తగులబడిన నగరంనుంచి ఎంత మసి పుడుతుందన్న విషయంమీద మాత్రం వాదన నేటికీ సాగుతున్నది. చిత్రంలోని గడ్డకట్టిన చీకటి వారాలు ఎక్కువ చేసి చూపినవి కావచ్చు. కాని చలి ఎంత అన్నదానికన్న పంటకాలం ఎన్ని రోజులు తగ్గింది అన్నదే ముఖ్యమని ఇప్పుడు పరిశోధకులు అంటున్నారు. ఆ విషయంలో చిత్రం సరైన చోటనే వేలు పెట్టింది.

చిత్రంలో బలహీనమైన భాగం చివరిది. పదమూడేండ్ల తరువాత రూత్ కుమార్తె జేన్, ఆమె ఈడు పిల్లలు నాలుగైదు ముక్కల మాటలతో, వ్యాకరణం లేని భాషతో మాట్లాడుతారు. ఇందుకు శాస్త్రాధారం బలంగా లేదు. పిల్లలు భాషను పాఠశాలలో నేర్చుకోరు. నికరాగ్వాలో 1970వ దశకం చివర బధిర పిల్లలను ఒకచోట చేర్చినప్పుడు, ఎవరూ నేర్పకుండానే వారు తమలో తాము పూర్తి వ్యాకరణం గల సంజ్ఞాభాషను నిర్మించుకొన్నారు. మాటలాడే తల్లులు బ్రతికి ఉన్నచోట పిల్లల భాష అంతగా క్షీణించడం నమ్మశక్యం కాదు. ఇక్కడ నాటకపు ఎద్దు బండిని తనవైపు లాగింది. అయితే అదే భాగంలో ఒక దృశ్యం ఉన్నది. కొద్దిపాటి విద్యుత్తుతో పాత బడిపాఠాల వీడియో టేపు ఒకటి ఆడుతూ ఉంటుంది. పిల్లలు దానివైపు చూస్తూ ఉంటారు. వారికి అందులో ఏమీ అర్థం కాదు. మరొక చోట పిల్లలు కూర్చొని చింకి బట్టలను విప్పి దారాలు దారాలుగా వేరుచేస్తూ ఉంటారు. కొత్తబట్ట నేయగలవారు లేరు కాబట్టి పాతబట్టే వారికి పత్తిచేను.

తీసిన తీరు, చూసినవారి స్థితి

ఇంత పెద్ద విషయాన్ని 17 రోజుల చిత్రీకరణలో ముగించారు. డబ్బు తక్కువ. కూలిన నగరాన్ని నిర్మించే స్తోమత లేనందువల్ల నిశ్చల ఛాయాచిత్రాలు, పాత వార్తాచిత్రాల ముక్కలు, టైపు అక్షరాలు వాడుకొన్నారు. విచిత్రమేమంటే ఈ పేదరికమే చిత్రానికి మేలు చేసింది. చూసేవాడు నాటకం చూస్తున్నానో, వార్త చూస్తున్నానో తేల్చుకోలేడు. గాయపడినవారుగా, శరణార్థులుగా కనిపించినవారిలో ఎక్కువమంది షెఫీల్డ్ పౌరులే. చింకిబట్టలతో రమ్మని వారికి చెప్పారు. పీక్ డిస్ట్రిక్ట్ కొండలలోని కర్బర్ ఎడ్జ్ వద్ద అణుశీతకాలం దృశ్యాలు తీయడానికి వెళ్లిననాడు వాతావరణం మరీ చక్కగా ఉన్నదట. రాళ్లమీద కృత్రిమ మంచు చల్లి, కెమెరాకు వెలుగును తగ్గించే ఫిల్టర్లు బిగించి చలిని తయారుచేయవలసి వచ్చింది.

ప్రసారం రాత్రి సుమారు 69 లక్షలమంది చూశారు. ఆ వారం ఆ ఛానెల్‌లో అంతమంది చూసిన కార్యక్రమం మరొకటి లేదు. సాధారణంగా ఒక మంచి కార్యక్రమం ముగియగానే స్నేహితులు, తోటి ఉద్యోగులు దర్శకునికి ఫోన్ చేసి అభినందిస్తారు. ఆ రాత్రి జాక్సన్ ఇంట ఫోను మ్రోగలేదు. చిత్రం నచ్చలేదేమోనని ఆయన మొదట అనుకొన్నాడు. చూసినవారు మాటలాడే స్థితిలో లేరని తరువాత తెలిసింది. ప్రతిపక్ష లేబర్ పార్టీ నాయకుడు నీల్ కినాక్ రచయితకు, దర్శకునికి అభినందనగా లేఖ వ్రాశాడు. 1985లో బ్రిటిష్ అకాడమీ బహుమతులకు ఏడు విభాగాలలో పేరు చేరగా నాలుగు లభించాయి. ఉత్తమ నాటకం, కళ, ఛాయాగ్రహణం, కూర్పు.

దీనికి పది నెలల ముందు, 1983 నవంబరు 20న, అమెరికాలో ‘ది డే ఆఫ్టర్’ అనే ఇటువంటి చిత్రమే ప్రసారమయింది. దానిని దాదాపు పది కోట్లమంది చూశారు. ముందుగా చూసిన అధ్యక్షుడు రీగన్ తన మనస్సు మిక్కిలి కుంగిపోయిందని దినచర్యలో వ్రాసుకొన్నాడు. ఆ చిత్రం చివర అసలు యుద్ధం ఇంతకన్న ఘోరంగా ఉంటుందని ఒక ప్రకటన వేశారు. ‘థ్రెడ్స్’కు అటువంటి ప్రకటన అవసరం కలగలేదు. 1985 జనవరిలో ఇది కూడా అమెరికన్ టెలివిజన్‌లో వచ్చింది. ప్రకటనకర్తలు ముందుకు రారని తెలిసినా ఛానెల్ అధిపతి టెడ్ టర్నర్ ప్రసారానికి పూనుకొని, తానే తెరమీదికి వచ్చి పరిచయ వాక్యాలు చెప్పాడు.

1987 డిసెంబరులో రీగన్, గోర్బచెవ్ మధ్యదూర క్షిపణులను తొలగించే ఒప్పందంమీద సంతకాలు చేశారు. ఒక టెలివిజన్ చిత్రం వల్ల ఇది జరిగిందని చెప్పడం అతిశయోక్తి. సోవియట్ ఆర్థిక స్థితి మొదలు అనేక కారణాలు ఉన్నాయి. ఆ ఒప్పందం కూడా 2019లో రద్దయింది. 1980వ దశకం మధ్యలో ప్రపంచంలో సుమారు 70 వేల అణ్వాయుధాలు ఉండగా, 2024 నాటికి సుమారు 12 వేలు ఉన్నాయని లెక్క.

చిత్రం సాధించినదని నిస్సందేహంగా చెప్పగలిగిన ఫలితం ఒకటి ఉన్నది. అది ప్రసార సంస్థ లోపలిది. హిరోషిమా జరిగి నలభై ఏండ్లు నిండుతున్న సందర్భంలో, 1985 జూలై 31 రాత్రి, పెట్టెలో ఇరవై ఏండ్లు పడి ఉన్న ‘ది వార్ గేమ్’ను బ్రిటిష్ టెలివిజన్ మొట్టమొదటిసారి ప్రసారం చేసింది. మరునాడు, ఆగస్టు 1న, ‘థ్రెడ్స్’ రెండవమారు వచ్చింది. ఆ తరువాత బ్రిటిష్ తెరమీద అది 2003 వరకు కనిపించలేదు. నలభై ఏండ్లు పూర్తి అయిన సందర్భంగా 2024 అక్టోబరు 9న మరల చూపించారు. 1985లో ఆ రెండు చిత్రాలను వరుసగా రెండు రాత్రులు చూసినవారిలో, 1965 నాటికి పుట్టనివారు ఎందరో ఉండి ఉంటారు.